కొండదారి బండికి ఫుట్ పెగ్‌లు: వెడల్పు కంటే ముందు చూడాల్సినవి

ఒడిశాలోని కొరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో ఉండే తెలుగువాళ్ళ బళ్ళు రోజూ రెండు రకాల దారుల మీద తిరుగుతాయి. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి కొరాపుట్ పోయే 26వ నంబరు జాతీయ రహదారి లాంటి తారు రోడ్డు ఒకటి. దాని నుంచి పక్కకు తిరిగి కొండ ఊళ్ళలోకి పోయే ఎర్రమట్టి దారి ఇంకొకటి. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చాక ఈ రెండు దారులకూ ఒకే బండి పెట్టుకునేవాళ్ళు పెరిగారు. పొట్టంగి మీదుగా 1,672 మీటర్ల దేవమాలి కొండ ఎక్కడానికో, పర్లాకిమిడి వైపు నుంచి మహేంద్రగిరి పోవడానికో సెలవుల్లో అటూ ఇటూ నుంచి వచ్చేవాళ్ళు సరేసరి. కొన్నాక మొదట క్రాష్ గార్డు పడుతుంది, ఆ తర్వాత హ్యాండిల్ గార్డులు, ఫాగ్ లైట్లు. నడిపేవాళ్ళు పాదాలు ఆనించే ఫుట్ పెగ్‌ల వంతు ఎప్పటికో వస్తుంది. బండికీ మనిషికీ మధ్య బరువు మోసేది అవే అయినా, వాటి మీద పెట్టే ఆలోచన మాత్రం తక్కువ.

పెగ్ కొనేటప్పుడు చాలామంది వెడల్పు చూస్తారు, పాదం జారకుండా పైన ఉండే పళ్ళు చూస్తారు, రంగు చూస్తారు. చూడాల్సిన వరుస వేరు. పెగ్ ఎక్కడ కూర్చుంటుందన్నది ముందు, ఎంత వెడల్పన్నది తర్వాత. పళ్ళ సంగతి ఆఖరున. అది కూడా బండిని బట్టి తేల్చేది కాదు, కాళ్ళకు ఏం వేసుకుంటారన్నదాన్ని బట్టి తేల్చేది.

కూర్చుని నడిపినంతసేపూ పెగ్ మీద పడేది కాళ్ళ బరువే. రాళ్ళ దారిలో లేచి నిలబడితే మొత్తం మనిషి దాని మీదే ఉంటాడు. 80 కిలోల మనిషి ఓ గుంతలోంచి లేచేటప్పుడు కుదుపుకి బరువు రెట్టింపై, అదీ ఒక కాలి మీదే పడితే, ఆ పెగ్ 160 కిలోలు మోసినట్టు. కంపెనీ పెగ్‌లు సన్నగా ఉంటాయి, పైన రబ్బరు ఉంటుంది. ఇది పిసినారితనం కాదు. ఈ బళ్ళన్నీ ఒకే సిలిండరు ఇంజన్లు, తారు రోడ్డు మీద వేగం పెరిగేకొద్దీ పాదాలకు వైబ్రేషన్ వస్తుంది, దాన్ని మింగడానికే ఆ రబ్బరు. అదే రబ్బరు తడి మట్టి అంటుకుంటే జారిపోతుంది. సన్నటి పెగ్ మీద గంటసేపు నిలబడితే నిచ్చెన మెట్టు మీద నిలబడ్డట్టు పాదం మధ్యలో నొప్పి పుడుతుంది. మార్చాలనే ఆలోచన ఇక్కడే మొదలవుతుంది.

అయితే మార్చే ముందు ఒక ఖర్చులేని పరీక్ష ఉంది. కొన్ని బళ్ళలో రబ్బరు ముక్క కింద నుంచి బోల్టులతో బిగించి ఉంటుంది. దాన్ని విప్పితే కింద ఇనుప పళ్ళ పెగ్ బయటపడుతుంది. వర్షాకాలం రాగానే రబ్బరు తీసేసి, చలికాలంలో మళ్ళీ పెట్టుకుంటే సరిపోయేవాళ్ళు చాలామందే ఉంటారు. నెలకోసారి మట్టిదారి ఎక్కేవాళ్ళకు ఇంతకు మించి అవసరం లేదనే చెప్పాలి.

పెగ్ ఎక్కడ ఉండాలి

పెగ్ స్థానం ఎంత ముఖ్యమో తయారీదారు చేసిన ఒక మార్పే చెబుతుంది. 2023లో ఎక్స్‌పల్స్ 200 4వీని (నాలుగు వాల్వుల రకాన్ని) సవరించినప్పుడు హీరో ఫుట్ పెగ్‌లను 35 మిల్లీమీటర్లు కిందికి, 8 మిల్లీమీటర్లు వెనక్కి జరిపింది. వెడల్పు పెంచి ఊరుకోలేదు, మనిషి నిలబడే చోటునే మార్చింది. బయట దొరికే పెగ్‌లలోనూ కొన్ని పాత ఎత్తులోనే కూర్చుంటాయి, కొన్ని 10 నుంచి 25 మిల్లీమీటర్ల వరకు కిందికి దిగుతాయి, కొన్నింటిని అటూ ఇటూ మార్చి రెండు ఎత్తుల్లో బిగించుకోవచ్చు.

కిందికి దించితే రెండు లాభాలు. కూర్చున్నప్పుడు మోకాలు తక్కువ ముడుచుకుంటుంది, రాయగడ నుంచి విశాఖపట్నం దాకా ఒక్క ఊపున పోయేవాళ్ళకు అది పెద్ద తేడా. రెండోది చాలామంది గమనించరు. పెగ్ 20 మిల్లీమీటర్లు దిగితే, నిలబడ్డ మనిషికి హ్యాండిల్ 20 మిల్లీమీటర్లు పైకి వచ్చినట్టే. పొడుగువాళ్ళు వంగి వంగి నడుము నొప్పి తెచ్చుకుని హ్యాండిల్‌ను పైకి లేపే రైజర్లు వేయించుకుంటారు, ఆ తర్వాత క్లచ్ కేబుల్ చాలడం లేదని, బ్రేక్ పైపు లాగుతోందని మళ్ళీ మెకానిక్ దగ్గరికి పోతారు. పెగ్ దించితే ఆ పనిలో కొంత కేబుళ్ళ జోలికి పోకుండానే అయిపోతుంది. ఐదడుగుల నాలుగంగుళాల మనిషికి మాత్రం ఇదే మార్పు ఎదురు తిరుగుతుంది. నిలబడితే హ్యాండిల్ ఛాతీ వైపు వచ్చేస్తుంది, మోచేతులు కుదరవు. అలాంటివాళ్ళు పాత ఎత్తులోనే కూర్చునే వెడల్పాటి పెగ్ తీసుకోవడం మేలు.

నష్టం నేల వైపు ఉంటుంది. లెక్క కోసం, పెగ్ చివర నేలకు 330 మిల్లీమీటర్ల ఎత్తులో, బండి మధ్యగీతకు 300 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. సస్పెన్షన్ కుదింపును పక్కనపెడితే, అది నేలకు తగలాలంటే బండి దాదాపు 48 డిగ్రీలు వాలాలి. 20 మిల్లీమీటర్లు దించితే ఆ కోణం 46కి వస్తుంది. దించడంతో పాటు 20 మిల్లీమీటర్లు బయటికి కూడా పొడిగిస్తే 44. సుంకి ఘాట్ మలుపుల్లో ఈ బళ్ళను అంత వాల్చి నడిపేవాళ్ళు అరుదు కాబట్టి తారు మీద భయం లేదు. అసలు చిక్కు ట్రాక్టరు చాళ్ళలో వస్తుంది. వానకు మెత్తబడ్డ దారిలో ట్రాక్టరు చక్రం కోసిన గాడిలోకి బండి దిగితే, రెండు పక్కలా గట్టు పెగ్ ఎత్తుకు వస్తుంది. వెనక మనిషి కూర్చుని, పైన బియ్యం బస్తా కూడా ఉంటే సస్పెన్షన్ ఇంకా దిగుతుంది. అప్పుడు ఆ 20 మిల్లీమీటర్లకు విలువ వస్తుంది. గట్టుకు తగిలిన పెగ్ మడుచుకుని పాదాన్ని వెనక్కి తోసేస్తుంది. ఇలాంటి దారుల్లో రోజూ తిరిగేవాళ్ళు 10, 15 మిల్లీమీటర్లకు మించి దించకపోవడమే మంచిది.

వెడల్పు, పొడుగు, పళ్ళు

వెడల్పు అంటే ముందు నుంచి వెనక్కి ఉండే కొలత, పొడుగు అంటే బండి నుంచి బయటికి ఉండేది. పెగ్‌ల మీద జరిగే వాదనల్లో సగం ఈ రెండూ కలిపేయడం వల్ల వచ్చినవే. వెడల్పు పెరిగితే పాదానికి హాయి. 90 మిల్లీమీటర్ల బూటు అడుగు 40 మిల్లీమీటర్ల పెగ్ మీద ఆనితే 36 చదరపు సెంటీమీటర్లు, 60 మిల్లీమీటర్ల దాని మీద 54. అంటే బరువు పంచుకునే చోటు ఒకటిన్నర రెట్లు. పొడుగు పెరిగితే మాత్రం పెగ్ మడిచే పిన్ను మీద, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే బ్రాకెట్ మీద బరువు పెరుగుతుంది. పాదం బరువు పిన్ను నుంచి 70 మిల్లీమీటర్ల దూరంలో పడే చోట 90 దగ్గర పడితే, అదే మనిషి బ్రాకెట్‌ను దాదాపు 30 శాతం ఎక్కువ బలంతో కిందికి వంచుతున్నట్టు. వెడల్పు కొనుక్కోవచ్చు, పొడుగు అవసరం లేకుండా కొనకూడదు.

వెడల్పుకీ ఒక హద్దుంది. బండి ఆపి కాలు కింద పెట్టినప్పుడు పెగ్ పిక్కకో, మడమ పైన ఎముకకో తగులుతుంది. కూలీలను దింపుతూ, సంతలో ఆగుతూ, చెక్‌పోస్టు దగ్గర నిలబెడుతూ పోయేవాళ్ళకు ఈ తగలడం రోజుకు చాలాసార్లు జరుగుతుంది. ఎత్తు తక్కువున్నవాళ్ళు కాలు నిటారుగా దించాలి కాబట్టి వాళ్ళకు మరీ ఎక్కువ.

ఇక పైన చెప్పిన 54 చదరపు సెంటీమీటర్ల లెక్క గట్టి అడుగున్న బూటుకే వర్తిస్తుంది. మార్కెట్లో దొరికే వెడల్పాటి పెగ్‌లు నిజానికి ఖాళీ చట్రాలు. పాదానికి తగిలేది అంచు, దాని మీది పళ్ళు మాత్రమే. బూటు అడుగు గట్టిగా ఉంటే ఆ పళ్ళ మీది బరువును పాదమంతా పరుస్తుంది. ఈ జిల్లాల్లో బండి నడిపేవాళ్ళలో ఎక్కువమంది వేసుకునేవి చెప్పులు, శాండిల్స్, మహా అయితే పల్చటి షూ. వాటితో సూది పళ్ళ పెగ్ మీద నిలబడితే పాత సన్న పెగ్ కంటే ఎక్కువ గుచ్చుకుంటుంది, నెల తిరిగేసరికి చెప్పు అడుగు కోసుకుపోతుంది. కాలు జారితే మోకాలి కింద ఎముక మీద పళ్ళ గుర్తులు పడతాయి. గట్టి బూట్లు లేనివాళ్ళు పదును తగ్గించిన, వంపు పళ్ళున్న పెగ్ తీసుకోవాలి. లేదా మధ్యలో విప్పదీసే రబ్బరు ఉన్నది తీసుకోవాలి. పెగ్‌ల మీద పెట్టే డబ్బుతో ముందు బూట్లు కొనడం తెలివైన పని అని కూడా అనొచ్చు, కానీ బూట్లు ఫొటోల్లో పెద్దగా కనబడవు.

పళ్ళ కంటే చట్రం మధ్య ఖాళీయే ముఖ్యం. కొరాపుట్ ఎర్రమట్టి తడిస్తే బంకలా పట్టుకుంటుంది. అడుగు మూసుకుపోయిన పెగ్ మీద మట్టి పేరుకుని, పాదం కింద మెత్తటి ముద్ద తయారవుతుంది. ఎంత పదునైన పళ్ళయినా దాని కింద మునిగిపోతాయి. కింది నుంచి చూస్తే ఆకాశం కనబడేంత ఖాళీ ఉంటే, పైనుంచి బూటు నొక్కినప్పుడల్లా మట్టి కిందికి రాలిపోతుంది. మధ్యలో అడ్డపట్టీలు ఎక్కువున్న డిజైన్లు చూడ్డానికి బాగుంటాయి గాని వానాకాలానికి పనికిరావు.

ఏ లోహం, ఎవరి వెల్డింగు

తక్కువ ధరవి ఎక్కువగా పోత పోసిన అల్యూమినియం. వీటి చిక్కు ఏమిటంటే విరిగే ముందు చెప్పవు. ఉక్కు వంగుతుంది, కనబడుతుంది, ఇంటిదాకా చేరుస్తుంది. దిమ్మ నుంచి చెక్కిన 6061, 7075 రకం అల్యూమినియం పెగ్‌లు తేలికగా, బలంగా ఉంటాయి, పళ్ళు మాత్రం రాళ్ళకు త్వరగా అరుగుతాయి. స్టెయిన్‌లెస్ పెగ్ బరువైనా తుప్పు పట్టదు, పళ్ళు నిలుస్తాయి. ఊరి అవసరానికి స్టెయిన్‌లెస్ గానీ మామూలు ఉక్కు గానీ చాలు. మరీ గట్టి పెగ్ కూడా మంచిది కాదనే మాట ఒకటుంది, అందులో నిజం ఉంది. బండి పడ్డప్పుడు పెగ్ మడవాలి, లేదా వంగాలి. రెండూ జరక్కపోతే ఆ దెబ్బ బ్రాకెట్‌కు, అక్కడి నుంచి ఫ్రేముకు పోతుంది. పెగ్ మార్చడానికయ్యే ఖర్చుకీ ఫ్రేము సరిచేయించడానికయ్యే ఖర్చుకీ పోలికే లేదు.

రాయగడలో, జయపురంలో లేత్ షాపులకు, వెల్డింగ్ షాపులకు కొదవ లేదు. పాత పెగ్ మీద ఉక్కు పట్టీ అతికించి, రంపంతో పళ్ళు కోసి వెడల్పు చేసి ఇచ్చేవాళ్ళు దొరుకుతారు. పెగ్ ఉక్కుదైతే ఇది తప్పు పనేమీ కాదు, పైగా పిన్ను రంధ్రం, ఆగే చోటు కంపెనీవే ఉంటాయి కాబట్టి కూర్చోవడంలో తేడా రాదు. అల్యూమినియం దాని జోలికి మాత్రం పోకూడదు. పెగ్‌ను బండి మీద ఉంచి వెల్డింగ్ చేయించకూడదు. ఈ బళ్ళలో ఇప్పుడు ఫ్యూయల్ ఇంజెక్షన్ కంప్యూటర్లు ఉన్నాయి, వెల్డింగ్ కరెంటు ఫ్రేములోంచి పోతే అవి దెబ్బతినొచ్చు. రెండు పెగ్‌లూ విప్పి సంచిలో వేసుకుని పోవడమే పద్ధతి.

ఆన్‌లైన్‌లో యూనివర్సల్ అని రాసి అమ్మేవాటిని నమ్మే ముందు మూడు కొలతలు తీసుకోవాలి. పిన్ను మందం, బ్రాకెట్ చెవుల మధ్య ఖాళీ, పిన్ను మధ్య నుంచి పెగ్ ఆగే ముఖం (బ్రాకెట్‌కు ఆనే చోటు) దాకా దూరం. మొదటి రెండూ కుదరకపోతే పెగ్ ఎక్కదు, వెంటనే తెలిసిపోతుంది. మూడోది కుదరకపోయినా ఎక్కుతుంది, అందుకే అది ప్రమాదం. ఆగే ముఖం ఒక్క మిల్లీమీటరు తక్కువైనా పెగ్ బయటి చివర కిందికి వాలుతుంది. నిలబడ్డప్పుడు మడమ బయటికి తిరుగుతూ ఉంటుంది, కారణం అంతుపట్టదు. పెగ్ మీద స్టీలు స్కేలు పెట్టి దూరం నుంచి చూస్తే వాలు కనబడుతుంది. బయటి చివర సమంగా గానీ, వెంట్రుకంత పైకి గానీ ఉండాలి.

బిగించేటప్పుడు

పని చిన్నదే. పెద్ద పిన్ను జారిపోకుండా దాని చివర వంచి పెట్టే సన్న కాటర్ పిన్ను తీసి, వాషరు తీసి, పెద్ద పిన్నును బయటికి తట్టి, పాత పెగ్ ఊడదీయడం. విసిగించేది స్ప్రింగు. ఎడమ, కుడి స్ప్రింగులు ఒకేలా కనబడినా చుట్టు తిరిగే వైపు వేరు, కలిపేస్తే పెగ్ వెనక్కి రాదు. అందుకే ఒక పక్క పూర్తిగా అయ్యాకే రెండో పక్క విప్పాలి. అప్పుడు సందేహం వస్తే చూసుకోవడానికి రెండో పక్క అలాగే ఉంటుంది. స్ప్రింగును పెగ్ చెవుల మధ్య పెట్టి, దాని కాళ్ళను వేళ్ళతో నొక్కి పట్టి, పిన్ను దూర్చబోతే తొంభై శాతం సార్లు ఎగిరిపోతుంది. స్ప్రింగు రెండు కాళ్ళనూ దగ్గరికి నొక్కి ఒక ప్లాస్టిక్ ట్యాగ్‌తో బిగించి, అలాగే కూర్చోబెట్టి, ముందు ఒక సన్న స్క్రూడ్రైవరును పైనుంచి దింపి రంధ్రాలు వరసకు తెచ్చి, ఆ తర్వాత కింది నుంచి గానీ పైనుంచి గానీ అసలు పిన్నుతో దాన్ని బయటికి తోసుకుంటూ పోతే ఒక్కడే చేసేయొచ్చు. పిన్ను కూర్చున్నాక ట్యాగ్ కోసేయాలి. కాటర్ పిన్ను ఎప్పుడూ కొత్తదే వేయాలి. వంచి తీసిన పాత పిన్నును మళ్ళీ వంచితే ఏదో ఒక రోజు దారిలో ఊడిపోతుంది, దాని వెనకే పెగ్ కూడా.

పిన్నుకు గ్రీజు పల్చగా రాస్తే చాలు. ముద్దగా పెడితే దుమ్ము పట్టి గరుకు పేస్టులా తయారై పిన్నునే అరగదీస్తుంది. బిగించాక చేత్తో పెగ్‌ను పైకి మడిచి వదిలితే టక్కున కిందికి రావాలి. నెమ్మదిగా వస్తే అక్కడే సరిచేసుకోవాలి, మట్టి పట్టాక అది అసలే రాదు.

ఇంతవరకు అయ్యాక చాలామంది బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోతారు. పనిలో ముఖ్యమైన భాగం అప్పుడే మొదలవుతుంది. పెగ్ 20 మిల్లీమీటర్లు దిగినా బ్రేక్ పెడల్, గేర్ లివర్ పాత చోటే ఉన్నాయంటే, పాదానికి అవి రెండూ 20 మిల్లీమీటర్లు ఎత్తు పెరిగినట్టు. బ్రేకు వేయాలంటే మడమ పెగ్ మీంచి లేపాలి. లేపలేక పాదాన్ని పెడల్ మీదే ఆనించి ఉంచితే బ్రేకు ఎప్పుడూ కొద్దిగా పట్టి ఉంటుంది. రెండూ చెడ్డవే.

వెనక డిస్క్ బ్రేకున్న బళ్ళలో పెడల్ ఎత్తు సాధారణంగా మాస్టర్ సిలిండరును (బ్రేక్ ఆయిల్‌ను నొక్కే భాగాన్ని) తోసే రాడ్డు మీద లాక్ నట్టుతో మారుతుంది. దించేటప్పుడు పెడల్‌కు కొంచెం ఖాళీ ఆట మిగలాలి. ఎందుకంటే, పెడల్ వదిలినప్పుడు సిలిండరులో పిస్టన్ పూర్తిగా వెనక్కి వస్తేనే ఆయిల్ డబ్బాలోకి తిరిగి పోయే సన్న రంధ్రం తెరుచుకుంటుంది. ఆట లేకుండా బిగిస్తే ఆ రంధ్రం మూసుకునే ఉంటుంది. సుంకి ఘాట్ దిగేటప్పుడు బ్రేకు వేడెక్కి, ఆయిల్ ఉబ్బి, పోవడానికి దారి లేక, పాదం తీసేసినా బ్రేకు తనంతట తనే పట్టేస్తుంది. పట్టిన కొద్దీ ఇంకా వేడి. బండిని స్టాండు వేసి వెనక చక్రం చేత్తో తిప్పి చూడాలి, మొదట చల్లగా ఉన్నప్పుడు, తర్వాత నాలుగు కిలోమీటర్లు పోయి వచ్చాక. పెడల్ మార్చాక బ్రేక్ లైటు స్విచ్ కూడా సరిచేయాలి. లేదంటే లైటు ఎప్పుడూ వెలుగుతుంది, లేదా ఎప్పుడూ వెలగదు.

గేర్ లివర్ నేరుగా షాఫ్టు పళ్ళ మీద కూర్చునే రకమైతే ఒక పన్ను కిందికి మార్చాలి. ఒక పన్నుకు వచ్చే తేడా కొన్నిసార్లు కావలసినదాని కంటే ఎక్కువే అవుతుంది, సర్దుకోవడం తప్ప దారి లేదు. మధ్యలో లింక్ రాడ్డు ఉంటే నయం, రెండు లాక్ నట్లు వదులు చేసి రాడ్డు తిప్పితే కొలత కొద్దికొద్దిగా మారుతుంది. రాడ్డుకు ఒక చివర ఎదురు మరలు ఉంటాయి కాబట్టి ఆ నట్టు తిరగేసి వదులవుతుందని గుర్తుంచుకోవాలి, లేకపోతే బలం పెట్టి మర పాడుచేస్తారు. సర్దాక కూర్చునీ చూడాలి, నిలబడీ చూడాలి. నిలబడ్డప్పుడు మోకాళ్ళు ముందుకు వంగి కాలివేళ్ళు వాటంతటవే కిందికి దిగుతాయి, పెడల్ ఎత్తుగా ఉంటే తెలియకుండానే బ్రేకు పడుతుంది.

ఎడమ పక్క సైడ్ స్టాండు ఎత్తినప్పుడు వెడల్పాటి పెగ్‌కు తగలకూడదు. స్టాండు పూర్తిగా పైకి రాకపోతే దాని స్విచ్ ఇంజన్‌ను ఆపేయొచ్చు. కిక్ ఉన్న బండైతే కుడి పెగ్ మడిచి కిక్ కొట్టి చూడాలి. సైలెన్సర్ కవరుకూ పెగ్‌కూ మధ్య బూటు ఇరుక్కోకుండా ఉందో లేదో చూడాలి.

ముందు పెగ్‌లు మారుస్తూ, బరువు తగ్గుతుందని వెనకవి పీకేసేవాళ్ళు కొందరున్నారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 123వ నిబంధన ప్రకారం వెనక కూర్చునేవారికి చేతిపట్టు, ఫుట్‌రెస్ట్, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా గార్డు ఉండి తీరాలి. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఈ ఊళ్ళలో బండి వెనక సీటు ఖాళీగా ఉండేది తక్కువ.

తీసిన పాత పెగ్‌లను స్ప్రింగులు, పిన్నులతో సహా ఒక కవర్లో కట్టి, రెండు కొత్త కాటర్ పిన్నులు కూడా వేసి, టూల్ కిట్‌తో పాటు పెట్టుకోవాలి. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత బ్రాకెట్ బోల్టులు ఒకసారి బిగించి చూసుకోవాలి. వానల్లో బండి కడిగిన ప్రతిసారీ పెగ్ మడిచి, చెవుల మధ్య ఇరుక్కున్న ఎర్రమట్టిని నీటి పైపుతో కొట్టి, పిన్ను మీద ఒక చుక్క నూనె వేస్తే చాలు.